ఊపిరి – గుండెకు కళ్ళెం

రెండేళ్ళ కిందటి మాట. పదో తరగతి పిల్లలకు ప్రీఫైనల్ పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రోజు భౌతికశాస్త్రం. ఆ గదిలో నేనే ఇన్విజిలేటరును. ప్రశ్నపత్రాలు పంచి పావుగంట దాటింది. మూడో బల్ల దగ్గర ఒక అమ్మాయి ఇంకా కలం మూత కూడా తియ్యలేదు. క్లాసులో ఏ ప్రశ్న అడిగినా ముందు చెయ్యెత్తే పిల్ల.

దగ్గరకు వెళ్ళి మెల్లగా అడిగాను: "ఏమ్మా, రాయడం లేదేం?"

"చదివిందంతా పోయింది మాస్టారూ. ఒక్క ముక్క గుర్తు రావడం లేదు."

పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అరచేతి చెమటకు కాగితం అంచు తడిసింది. నాకు జాలి వేసింది. "కంగారుపడకు తల్లీ. గబగబా పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదులు. మెదడుకు ఆక్సిజన్ బాగా అందుతుంది. అంతా గుర్తుకొస్తుంది" అన్నాను.

పాపం, చెప్పినట్టే చేసింది. పదోసారి అయ్యేసరికి "కళ్ళు తిరుగుతున్నాయండీ" అంటూ తల బల్లమీద ఆనించేసింది.

ఏళ్ళ తరబడి శ్వాసక్రియ పాఠం చెబుతున్నవాణ్ణి నేను. ఆ రోజు మాత్రం శ్వాస గురించి తప్పు సలహా చెప్పాను. నేను చెప్పినదానిలో తప్పేమిటి? అసలు చెప్పవలసినదేమిటి? ఆ అమ్మాయికి బాకీపడిన ఆ జవాబే ఈ వ్యాసం. పరీక్షలు మీకూ ఉన్నాయి కదా!

భయం వేస్తే ఆకలి ఎందుకు చస్తుంది?

భయపడ్డవాళ్ళ గురించి మనం ఏమంటాం? "గుండె దడదడలాడింది", "ముచ్చెమటలు పట్టాయి", "గొంతు తడారిపోయింది", "ఆకలి చచ్చిపోయింది" అంటాం. మన పెద్దలు ఏ ప్రయోగశాలా లేకుండానే ఇవన్నీ గమనించారు. ఇవి నాలుగు వేరువేరు సంగతులలా కనిపిస్తాయి. కాని నిజానికి ఒకే సంగతికి నాలుగు ముఖాలు.

అమెరికాలో వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఎక్స్-కిరణాలు కనిపెట్టిన కొత్తలో, వాటి సాయంతో పిల్లుల పొట్టలో ఆహారం ఎలా కదులుతుందో ఆయన చూస్తూ ఉండేవాడు. పిల్లి బెదిరినప్పుడల్లా దాని జీర్ణాశయం కదలడం మానేసేది! పిల్లి స్థిమితపడగానే మళ్ళీ కదలడం మొదలుపెట్టేది. ఇది ఆయన మనసులో పడిపోయింది. భయం, కోపం, నొప్పి, ఆకలి శరీరంలో తెచ్చే మార్పులమీద ఏళ్ళ తరబడి పనిచేసి 1915లో ఒక పుస్తకం ప్రచురించాడు.

ఆయన చెప్పినది ఇది: ప్రమాదం ఎదురైనప్పుడు జంతువుకు రెండే దారులు. ఎదిరించి పోరాడాలి, లేదా పారిపోవాలి. రెండింటికీ కండరాల బలం కావాలి. అందుకని మన అదుపులో లేకుండా పనిచేసే స్వయంచోదిత నాడీవ్యవస్థలో ఒక భాగం వెంటనే రంగంలోకి దిగుతుంది. దీన్ని సహానుభూత నాడీవ్యవస్థ అంటారు. మూత్రపిండాలమీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తం పొట్టనుంచి కండరాలవైపు మళ్ళుతుంది. అందుకే ఆకలి చస్తుంది. లాలాజలం తగ్గుతుంది, అందుకే గొంతు ఎండుతుంది. చెమట పడుతుంది.

పులి ఎదురైతే ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఎదురైనది పులా ప్రశ్నపత్రమా అని మన శరీరం తేడా చూడదు. ప్రశ్నపత్రంతో పోరాడలేం, దాన్ని చూసి పారిపోనూ లేం. గుండె మాత్రం పరుగు పందెంలో ఉన్నట్టే కొట్టుకుంటుంది. పైగా ఇలాంటి కంగారులో, నేర్చుకున్నదాన్ని తవ్వి తీయవలసిన మెదడు భాగాలు సరిగా పనిచెయ్యవు. కాబట్టి ఆ అమ్మాయి చదివినది ఎక్కడికీ పోలేదు. తలుపు మూసుకుపోయింది, అంతే.

పరుగెత్తే గుర్రం, లాగే కళ్ళెం

విశ్రాంతిగా కూర్చున్నవారి గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుందని మీరు చదువుకున్నారు. నాడులతో ఏ సంబంధమూ లేకుండా గుండెను దాని మానాన దాన్ని వదిలేస్తే ఎన్నిసార్లు కొట్టుకుంటుంది? తగ్గుతుందనుకుంటాం. కాదు, నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది!

అంటే గుండె సహజంగానే పరుగెత్తే గుర్రం. దాన్ని ఎవరో ఎప్పుడూ కళ్ళెం పట్టి లాగుతున్నారన్నమాట. ఆ కళ్ళెం పేరు వేగస్ నాడి. ఇది పదో కపాల నాడి. మెదడు కిందిభాగంలో బయలుదేరి, మెడగుండా దిగి గుండెకూ, ఊపిరితిత్తులకూ, జీర్ణాశయానికీ వెళుతుంది. లాటిన్ భాషలో 'వేగస్' అంటే తిరుగుబోతు అని అర్థం. పేరులో 'వేగం' వినిపిస్తుంది గాని, గుండె దగ్గర దాని పని మాత్రం వేగం తగ్గించడమే! శరీరానికి విశ్రాంతి నిచ్చే సహసహానుభూత నాడీవ్యవస్థలో ఇదే ముఖ్యమైన నాడి.

ఈ కళ్ళెం ఎలా పనిచేస్తుందో తెలిసిన కథ బహు తమాషాగా ఉంటుంది. ఆస్ట్రియాలో ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడికి ఒక రాత్రి కలలో ఒక ప్రయోగం తట్టింది. లేచి కాగితంమీద గిలికి పడుకున్నాడు. తెల్లవారి చూసుకుంటే తన రాత తనకే అర్థం కాలేదు! మర్నాటి రాత్రి మళ్ళీ అదే ఆలోచన వచ్చింది. ఈసారి కాగితం జోలికి పోలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు తిన్నగా ప్రయోగశాలకు వెళ్ళిపోయాడు.

రెండు కప్పల గుండెలు తీసి లవణ ద్రావణంలో ఉంచాడు. మొదటి గుండెకు వేగస్ నాడి ఉంది. ఆ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించగానే గుండె నెమ్మదించింది. అప్పుడు దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండెకు అందించాడు. ఏ నాడినీ తాకకుండానే రెండో గుండె కూడా నెమ్మదించింది! అంటే నాడి కొననుంచి ఏదో రసాయనం ద్రావణంలోకి వచ్చిందన్నమాట. ఈ ఫలితాన్ని 1921లో ప్రకటించాడు. ఆ రసాయనం ఎసిటైల్ కోలిన్ అని తరువాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

కళ్ళెం మన చేతికి ఎలా వస్తుంది?

"గుండె, నెమ్మదించు" అని ఆజ్ఞాపిస్తే గుండె వినదు. జీర్ణాశయమూ వినదు. స్వయంచోదిత వ్యవస్థ మన మాట లెక్కచెయ్యదు. అయితే ఒక్క పని ఉంది. మనం పట్టించుకోకపోయినా దానంతట అదే జరిగిపోతుంది. కావాలనుకుంటే మన ఇష్టప్రకారమూ జరుగుతుంది. అదే ఊపిరి.

ఊపిరికీ గుండెకూ ముడి ఉంది. గాలి పీల్చేటప్పుడు వేగస్ నాడి కళ్ళెం కాస్త వదులవుతుంది; గుండె కొంచెం వేగం పుంజుకుంటుంది. గాలి వదిలేటప్పుడు కళ్ళెం బిగుస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1847లోనే దీన్ని తిరిగే డోలుమీద గీతగా నమోదు చేశాడు. ఇది జబ్బు కాదు. మీ వయసువారిలో మరీ స్పష్టంగా కనిపించే ఆరోగ్య లక్షణం.

నా మాట నమ్మవద్దు. మీరే పరీక్షించి చూడండి. ఇద్దరు కావాలి, సెకన్ల ముల్లున్న గడియారం కావాలి.

ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఎడమ మణికట్టుమీద, బొటనవేలి మొదట్లో, కుడిచేతి రెండు వేళ్ళు ఆనించి నాడి పట్టుకోండి. నాడి కొట్టుకున్నప్పుడల్లా పాదంతో నేలమీద చిన్నగా తట్టండి. మీ స్నేహితుడు ఆ తట్టు వింటూ ఉంటాడు. ఇప్పుడు నాలుగు సెకన్లు మెల్లగా గాలి పీల్చండి, ఆరు సెకన్లు మెల్లగా వదలండి. పీల్చేటప్పుడు తట్లు దగ్గరదగ్గరగా, వదిలేటప్పుడు ఎడంఎడంగా పడడం మీ స్నేహితుడికి వినిపిస్తుంది. అందరిలో ఒకేలా ఉండదు గాని, చాలామందిలో తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఊపిరి వదిలే సమయంలో కళ్ళెం బిగుస్తుంది కాబట్టి, వదిలే సమయాన్ని పెంచితే గుండెకు విశ్రాంతి పెరుగుతుంది. కిటుకంతా పీల్చడంలో లేదు, వదలడంలో ఉంది. నేను ఆ అమ్మాయికి చెప్పినది దీనికి సరిగ్గా తిరకాసు!

నా తప్పు

"గట్టిగా పీల్చు, ఆక్సిజన్ అందుతుంది" అన్నాను కదా. ఆరోగ్యవంతుల ధమనుల్లో హిమోగ్లోబిన్ మామూలుగానే 95 శాతానికి పైగా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. నిండిన కుండలో ఇంకెన్ని నీళ్ళు పోస్తాం?

గబగబా ఊపిరి తీస్తే ఆక్సిజన్ దాదాపు పెరగదు. తగ్గేది కార్బన్ డైఆక్సైడ్. అది చెడ్డవాయువనీ, ఎంత పోతే అంత మంచిదనీ మనం అనుకుంటాం. కాని రక్తంలో అది తగుపాళ్ళలో ఉండాలి. మరీ తగ్గితే మెదడుకు వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి. మెదడుకు రక్తం తగ్గుతుంది. కళ్ళు తిరుగుతాయి, వేళ్ళ చివరలు తిమ్మిరెక్కుతాయి. మెదడుకు మేలు చేద్దామని నేనిచ్చిన సలహా కీడు చేసింది.

యోగుల గుండె ఆగిందా?

నెమ్మదిగా ఊపిరి తీయడం మన యోగశాస్త్రానికి కొత్త కాదు. దానికి ప్రాణాయామం అని పేరు. దీన్ని ప్రయోగశాలలో పరీక్షించే పని కూడా మన దేశంలో చాలాకాలం కిందటే మొదలైంది. పూనా దగ్గర లోనావ్లాలో స్వామి కువలయానంద 1924లో కైవల్యధామ సంస్థను స్థాపించి, యోగాభ్యాసాలను పరికరాలతో కొలవడానికి పూనుకున్నాడు.

యోగులు గుండెను ఆపగలరని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే శాస్త్రజ్ఞులు మన దేశంలోనే అలాంటి కొందరిని పరీక్షించి 1961లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరి బిగబట్టి కండరాలు బిగిస్తే నాడి చేతికి అందలేదు, గుండె చప్పుడూ సరిగా వినిపించలేదు. కాని విద్యుత్ హృల్లేఖనం మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉందని చూపించింది. గుండె ఆగలేదు! అయితే ఊపిరితోనూ కండరాలతోనూ గుండెమీద కొంత ప్రభావం చూపవచ్చని తేలింది. వింత పోయింది, విజ్ఞానం మిగిలింది.

2001లో ఇటలీ పరిశోధకులు మరో చక్కని సంగతి బయటపెట్టారు. కొందరిచేత క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్‌లోనూ, 'ఓం మణి పద్మే హుం' అనే బౌద్ధ మంత్రాన్నీ చదివించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి సుమారు 6 సార్లకు దిగింది! మతాలు వేరు, మాటలు వేరు, ఊపిరి లెక్క ఒక్కటే. మీరు చేసిన ప్రయోగం గుర్తుందా? నాలుగూ ఆరూ పది సెకన్లు. నిమిషానికి ఆరుసార్లు. ఈ వేగంలో ఊపిరీ, గుండె లయా, రక్తపీడనాన్ని సర్దే ఏర్పాటూ ఒకదానితో ఒకటి శ్రుతి కలుస్తాయి. కాబట్టి మీరు ఏ మతంవారైనా, ఏ మతమూ పాటించనివారైనా ఈ అభ్యాసం మీదే.

పావుగంట అభ్యాసం

దీనికి కాళ్ళు మెలివేసే ఆసనాలు అక్కరలేదు. తిన్న వెంటనే మాత్రం చెయ్యవద్దు.

మొదట నిటారుగా కూర్చోండి. గాలి పీలుస్తూ భుజాలు చెవులదాకా ఎత్తండి, వదులుతూ దించండి. ఐదుసార్లు చాలు. గంటల తరబడి పుస్తకంమీదకు వంగినవారి భుజాలు ఎంత బిగిసి ఉంటాయో అప్పుడు తెలుస్తుంది.

తరువాత వజ్రాసనంలో, అంటే మడమలమీద కూర్చుని, గాలి వదులుతూ ముందుకు వంగి నుదురు నేలకు ఆనించండి. చేతులు ముందుకు చాచండి. దీన్ని శశాంకాసనం అంటారు. ఐదారు ఊపిరులపాటు ఉండి మెల్లగా లేవండి. మోకాళ్ళ నొప్పి ఉంటే మానెయ్యండి.

చివర శవాసనం. వెల్లకిలా పడుకుని, పాదాలనుంచి తలదాకా ఒక్కొక్క భాగాన్నే వదులుచేస్తూ రండి. పొట్టమీద చెయ్యి పెట్టుకోండి. గాలి పీల్చినప్పుడు ఉదర వితానం కిందికి దిగి పొట్ట పైకి లేవాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఆయాసంగా ఉంటే మూడూ నాలుగూ చాలు. ఊపిరి బిగబట్టవద్దు. తల తిరిగితే ఆపెయ్యండి. ఉబ్బసమో, గుండె జబ్బో ఉన్నవారు డాక్టరును అడిగే చెయ్యాలి.

ఇక మనసు సంగతి. గాలి వదిలినప్పుడల్లా ఒకటి, రెండు, మూడు అని పదిదాకా లెక్కపెట్టండి. నాలుగు దాటకుండానే మనసు రేపటి పరీక్ష దగ్గరకు పోతుంది. తిట్టుకోకండి. పోయిందని గమనించడమే ఇక్కడ అభ్యాసం. మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టండి. ఇలా జరుగుతున్నదాన్ని ఉన్నదున్నట్టు గమనించడాన్నే ఎరుక అంటారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ 1979లో ఈ పద్ధతినీ కొన్ని తేలిక యోగాసనాలనూ కలిపి రోగులకు శిక్షణ మొదలుపెట్టాడు. ఎరుకవల్ల ప్రయోజనమేమిటి? పులి లేకపోయినా పులిని తలుచుకుంటే చాలు, గుండె పరుగెడుతుంది. ఆ తలపును గుర్తించి పక్కన పెట్టగలిగితే గుర్రానికి కొరడా దెబ్బలు తప్పుతాయి.

వత్తి కాలితే?

ఇక్కడ ఒక హెచ్చరిక. మాంట్రియల్‌లో పనిచేసిన హాన్స్ సెల్యే ఎలుకలను చలికీ, గాయాలకూ, మితిమీరిన శ్రమకూ గురిచేసి చూశాడు. బాధ ఏదైనా వాటి శరీరాల్లో ఒకేరకం మార్పులు కనిపించాయి: అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుళ్ళు పడ్డాయి. 1936లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. మొదట శరీరం ఉలిక్కిపడుతుంది, తరువాత తట్టుకుంటుంది, ఒత్తిడి ఆగకపోతే చివరకు సొలసిపోతుంది.

దీపంలో నూనె ఉన్నంతసేపు కాలేది నూనే. నూనె అయిపోతే వత్తి కాలుతుంది. పనివల్ల మనుషులు ఇలా కాలిపోయే స్థితిని అమెరికాలో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1974లో వర్ణించాడు. దాన్ని ఇప్పుడు బర్నవుట్ అంటున్నారు. ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, పడుకున్నా అలసట తీరకపోవడం, ఎంత చేసినా వ్యర్థమనిపించడం దాని గుర్తులు.

అలాంటప్పుడు ఊపిరి అభ్యాసం ఒక్కటే చాలదు. నూనె పొయ్యాలి. నూనె అంటే నిద్ర, ఆట, ఆహారం, నలుగురితో మాట. మీ వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. బ్రిటన్‌లో ఎనిమిది వేలమందికి పైగా విద్యార్థులతో జరిపిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. బడిలో తరగతి మొత్తానికీ ఎరుక పాఠాలు చెప్పినా, చెప్పని బళ్ళకంటే మేలేమీ కనబడలేదు. చాలామంది ఇంటిదగ్గర అభ్యాసమే చెయ్యలేదు. పాఠంగా వింటే చాలదు. అందరికీ ఒకే మందూ పనిచెయ్యదు.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బతుకుమీద విసుగు పుడితే, ఊపిరి లెక్కపెడుతూ ఒంటరిగా కూర్చోవద్దు. అమ్మతోనో, నాన్నతోనో, మాస్టారితోనో చెప్పండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి-మానస్ అనే ఉచిత సహాయ కేంద్రం ఉంది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరం వస్తే చెప్పడానికి సిగ్గుపడం కదా, దీనికెందుకు సిగ్గు?

ఆ అమ్మాయి

పరీక్ష అయ్యాక ఆ అమ్మాయితో నింపాదిగా మాట్లాడాను. ముందుగా, నేను చెప్పిన సలహా తప్పని ఒప్పుకున్నాను. "ఎన్ని గంటలకు పడుకుంటున్నావు?" అని అడిగాను. "ఒంటిగంటకండీ. నాలుగింటికి లేస్తాను" అంది. రెండు నెలలుగా మూడేసి గంటల నిద్ర! గుర్రానికి గడ్డి వెయ్యకుండా కళ్ళెం గురించి మాట్లాడి ఏం లాభం? వాళ్ళమ్మను పిలిపించాను. "పదో తరగతి కదండీ, ఈ ఏడాది కష్టపడకపోతే ఎలా?" అన్నారావిడ. నిద్రలోనే జ్ఞాపకాలు స్థిరపడతాయని చెప్పాను. చివరకు రాత్రి పదింటికి దీపం ఆర్పడానికి ఒప్పుకున్నారు. పడుకునేముందు పది నిమిషాలు శవాసనం.

పబ్లిక్ పరీక్షలయ్యాక వచ్చింది. "భౌతికశాస్త్రం రోజు మళ్ళీ గుండె దడదడలాడింది మాస్టారూ. ఒక్క నిమిషం కలం పక్కన పెట్టి, మెల్లగా ఆరుసార్లు ఊపిరి వదిలాను."

"పోయిందా?"

"పోలేదండీ. తగ్గింది. తెలిసిన ప్రశ్నతో మొదలుపెట్టి రాసుకుంటూ పోయాను."

తగ్గితే చాలు. పూర్తిగా పోనక్కరలేదు కూడా. కాస్త వేడి లేకపోతే ఏ ఇంజనూ నడవదు.

ఇక మీ పని. ఒక నోటుపుస్తకం తీసుకోండి. రోజూ ఒకే వేళకు, అభ్యాసానికి ముందూ తరువాతా నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో రాయండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో పక్కన రాయండి. రెండు వారాల తరువాత ఆ అంకెలు చూడండి. నేను చెప్పినది నిజమో కాదో మీ పుస్తకమే చెబుతుంది.